యూనిఫాం ఎవరి మీద తప్పనిసరి?

జూన్ రెండో వారంలో బడులు తెరిచాక, ఉదయం ఎనిమిదింటికి అమలాపురం గడియార స్తంభం సెంటర్లో కాసేపు నిలబడితే చాలు. ఎవరి పిల్లలు ఏ బడిలో చదువుతున్నారో ఒక్కరినీ అడగక్కర్లేదు. పసుపు బస్సు కిటికీలోంచి కనిపించే గళ్ల చొక్కా, మెడలో టై, జేబు మీద కుట్టిన చిహ్నం, నల్ల బూట్లు ఒక రకం. ఆటోలో డ్రైవరుకు అటూ ఇటూ కూడా సర్దుకుని కూర్చున్న పిల్లల ముదురెరుపు గుడ్డలు ఇంకో రకం. నల్ల వంతెన మీద సైకిళ్లు తొక్కుకుంటూ, నడుచుకుంటూ వచ్చే సర్కారు బడి పిల్లలది మరో రకం. రాజోలు సెంటర్లోనూ కొత్తపేటలోనూ ఇదే వరస. గుడ్డ రంగు చూసి ఫీజు చెప్పొచ్చు. ఫీజు తెలిస్తే ఇంటి స్థితి చెప్పొచ్చు. కోనసీమలో ఇంటి స్థితి తెలిసిందంటే, ఆ ఇల్లు ఊళ్లో ఉందో దళిత పేటలో ఉందో కూడా చాలాసార్లు తెలిసిపోతుంది.

పిల్లలంతా ఒక్కటే అని చెప్పడానికి తెచ్చిన గుడ్డ ఇది. బడి గోడ లోపల ఆ మాట చాలావరకు నిలబెట్టుకుంది. గోడ దాటి రోడ్డెక్కగానే అదే గుడ్డ పిల్లల్ని వేరుచేసి చూపిస్తోంది. రెండూ నిజమే కాబట్టి, యూనిఫాం ఉండాలా అక్కర్లేదా అని చేతులెత్తించి తేల్చే వ్యవహారం కాదిది. ఉండాలనే నేనంటాను. కానీ ‘తప్పనిసరి’ అన్న మాట ఇవాళ పిల్లల నెత్తిన, వాళ్ల అమ్మల నెత్తిన పడింది. అది పడాల్సింది బడి మీద, ప్రభుత్వం మీద.

చొక్కా తొడుక్కోవడమే తెగువైన చోట

మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న ‘పాలేరు’ నాటకం రాశారు. ఆసామి ఇంట్లో పాలేరుగా ఉన్న దళిత కుర్రాడు చదువుకుని డిప్యూటీ కలెక్టరు కావడం అందులోని కథ. ఆ నాటకం చూసి, పిల్లల్ని పాలేరుతనం మాన్పించి బడికి పంపినవాళ్లున్నారని ఈ వైపు పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. భీమన్నకు 2001లో పద్మభూషణ్ వచ్చింది. ఆయన పుట్టిన కాలపు తెలుగు పల్లెల్లో పెద్ద కులాల వీధి గుండా వెళ్లాలంటే చెప్పులు విప్పి చేత్తో పట్టుకోవాలి, భుజం మీది తువ్వాలు తీసి నడుముకు చుట్టుకోవాలి. ఎవరు ఏ గుడ్డ కట్టుకోవాలో, ఎంతవరకు కట్టుకోవాలో ఊరు నిర్ణయించేది.

అలాంటి నేల మీద, తర్వాతి కాలంలో, హైస్కూళ్లలో తెల్ల చొక్కా, ఖాకీ నిక్కరు వచ్చాయి. ఆడపిల్లలకు తెల్ల జాకెట్టు, నీలం పావడా, పెద్ద తరగతుల్లో వోణీ వచ్చాయి. వాటి విలువను ఇవాళ్టి కళ్లతో కొలవకూడదు. ఆసామి కొడుకు, ఆసామి పొలంలో నాట్లు వేసే ఆమె కొడుకు ఒకే రంగు చొక్కాతో ఒకే బల్ల మీద కూర్చోవడం ఈ డెల్టాలో చిన్న విషయం కాదు. చొక్కా మాసి ఉండొచ్చు, గుండీ బదులు పిన్నీసు ఉండొచ్చు. అయినా పేట కుర్రాడు అది తొడుక్కుని ఊరి వీధి మధ్యలోంచి నడిచాడంటే, ఆ నడక వెనక బడి ఉంది. ‘బడి గుడ్డలండి’ అంటే ఎంతటి ఆసామి అయినా మారు మాట్లాడలేడు.

యూనిఫాం పిల్లల స్వేచ్ఛను చంపుతుందనీ, అందరినీ ఒకే అచ్చులో పోస్తుందనీ నగరాల్లో వినిపించే వాదనలో పస లేకపోలేదు. ఎంచుకోవడానికి బీరువా నిండా బట్టలున్న పిల్లలకు ఆ బాధ నిజమైనదే. ఉన్నవి రెండు జతలైనప్పుడు, అందులో ఒకటి పండక్కి కొన్నదైనప్పుడు, ఎంచుకునే స్వేచ్ఛ అన్న మాట ఆ పిల్లకు అందదు. యూనిఫాం లేని బడిలో ఆ పిల్ల పేదరికం రోజూ అందరి కళ్లకూ కనిపిస్తుంది. 1983లో దక్షిణ కొరియా యూనిఫాం తీసేసి, మూడేళ్లకే బడులు కావాలంటే మళ్లీ పెట్టుకోవచ్చంది. సొంత బట్టల ఖర్చు తల్లిదండ్రులకు భారమైపోవడం అందుకొక కారణం.

సర్కారు గుడ్డ, అమ్మ కూలి

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. దానికి కేంద్రం తయారుచేసిన నమూనా నిబంధనల్లో ఉచిత పాఠ్యపుస్తకాలు, రాసుకునే సామగ్రితో పాటు యూనిఫాం కూడా పిల్లల హక్కుగానే ఉంది. దయ అనో కానుక అనో అందులో లేదు. సర్వశిక్షా అభియాన్ కాలంలో ఏడాదికి రెండు జతలకు పిల్లకు 400 రూపాయలిచ్చేవారు. 2018లో సమగ్ర శిక్ష వచ్చాక అది 600 అయింది. చాలా ఏళ్లు గుడ్డ వచ్చేసరికి దసరా దాటిపోయేది. జూన్‌లో వేసుకోవాల్సింది కార్తికమాసంలో కుట్టించుకుంటే, అప్పటికి బడి సగం అయిపోయి ఉంటుంది.

2020 అక్టోబరు 8న కృష్ణా జిల్లా పునాదిపాడులో జగనన్న విద్యాకానుక మొదలైంది. మూడు జతల గుడ్డ, బూట్లు, సాక్సులు, బెల్టు, సంచి, పుస్తకాలు కలిపి ఇచ్చారు. రెండు జతలు మూడయ్యాయి. కోనసీమ వాన తెలిసినవాళ్లకు ఆ మూడో జత ఏమిటో తెలుసు. జూలైలో ముసురు పట్టిందంటే గుడ్డ మూడు రోజులు ఆరదు. పెంకుటింట్లో దండెం మీద వేసినా తడి వాసన పోదు. రెండే జతలున్న పిల్ల తడి గుడ్డ తొడుక్కునైనా వెళ్లాలి, లేదంటే బడి మానాలి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో ఇళ్లు చూరు దాకా మునిగాయి. వరద తీశాక ఇంట్లో మిగిలినవాటిలో ఆరబెట్టుకోవడానికి పనికొచ్చేవి ఎన్నో ఉండవు. అలాంటి నెలలో ‘యూనిఫాం ఏదీ?’ అని లంక పిల్లను ఎవరడిగినా అది అన్యాయమే.

గుడ్డ ఇచ్చారు సరే, కుట్టేదెవరు? ఒకటి నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు జతకు 40 రూపాయలు, తొమ్మిది, పది తరగతులకు జతకు 80 రూపాయలు కుట్టుకూలిగా తల్లుల ఖాతాలో వేశారు. 40 రూపాయలకు చొక్కా, నిక్కరు కుట్టే టైలరు రాజోలులో గానీ అమలాపురంలో గానీ ఉండడు. దారం, గుండీలు, జిప్పు కొనేసరికే అందులో సగం పోతుంది. మిగతాదంతా అమ్మ భరిస్తుంది. కొబ్బరికాయలు ఒలిచే ఇంట్లోనో, కొబ్బరి పీచు పనికి వెళ్లే ఇంట్లోనో మూడు జతల కుట్టుకూలి కొన్ని రోజుల సంపాదన. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే రెట్టింపు. ఉచితం అని పేరున్న ఈ పథకంలో అన్నిటికంటే బరువైనది, ఎవరూ లెక్కలోకి తీసుకోని ఈ ఖర్చే. తెలంగాణ ప్రభుత్వం 2024లో స్వయం సహాయక సంఘాల మహిళలకు యూనిఫాం కుట్టే పని ఇచ్చి, జతకు 50 ఉన్న కూలిని 75 చేసింది. అదీ తక్కువే. అయినా కుట్టే బాధ్యతను అమ్మ మీద వదిలేయకపోవడం సరైన దారి.

మన రాష్ట్రంలో 2024లో ప్రభుత్వం మారింది. విద్యాకానుక కిట్ పేరు సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అయింది. మధ్యాహ్న భోజనానికి మన లంకల గన్నవరం తల్లి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఆకలితో వచ్చినవాళ్లను కులం అడగకుండా కూర్చోబెట్టి అన్నం పెట్టిన ఆమె పేరు బడి అన్నానికి రావడం ఈ ప్రాంతానికి గర్వకారణం. కొత్త యూనిఫాంలో పార్టీ రంగులుండవని ప్రభుత్వం చెప్పింది. ఆ మాట చెప్పాల్సి వచ్చిందంటేనే, ఇన్నాళ్లూ పిల్లల గుడ్డ మీద, సంచి మీద ఏం జరిగిందో అర్థమవుతుంది. అధికారం మారినప్పుడల్లా పిల్లల వీపు మీది రంగు మారకూడదు. అక్క గుడ్డ చెల్లి వేసుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. రంగు మారిన ఏడాది ఆ గుడ్డ మూల పడుతుంది.

శనివారం తెలుపు

కాన్వెంటు యూనిఫాం కథ వేరు. అక్కడ గుడ్డ చదువులో భాగంగా కాక వ్యాపారంలో భాగంగా ఉంటుంది. సోమవారం నుంచి గళ్ల చొక్కా, మధ్యలో ఒక రోజు హౌస్ రంగు టీషర్టు, శనివారం తెలుపు. టై, బెల్టు, డైరీ, చిహ్నం కుట్టిన సాక్సులు, నల్ల బూట్లు, తెల్ల బూట్లు. బయట బట్టల కొట్లో దొరకని రంగు ఎంచుకుంటారు, బడి చెప్పిన చోటే కొనాలంటారు. ఏడాదో రెండేళ్లో గడిచేసరికి గళ్లు కొంచెం మారతాయి. పాతది పనికిరాదు.

ఈ ఖర్చు వెనక కోనసీమలో ఒక ప్రత్యేకమైన కథ ఉంది. కువైట్‌లోనో మస్కట్‌లోనో ఎవరింట్లోనో వంట చేస్తూ, అంట్లు తోముతూ ఉన్న తల్లి పంపిన డబ్బు అది. రాజోలు, మలికిపురం వైపు అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలకు ఆ టై, ఆ బూట్లు అమ్మ ఉనికికి గుర్తులు. తన పిల్లను మంచి యూనిఫాంలో చూడాలని ఆ తల్లికి ఉండే కోరిక పవిత్రమైనది, దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఆ కోరికను ఆసరా చేసుకుని ఏటా కొత్త గళ్లు అమ్మడం మాత్రం తప్పు.

పిల్లల గుడ్డలు, పుస్తకాలు ఫలానా కొట్లోనే కొనాలని బలవంతం చేయరాదని సీబీఎస్ఈ 2017 ఏప్రిల్‌లోనే తన బడులకు స్పష్టంగా చెప్పింది. హైదరాబాద్‌లో 2024 వేసవి చివర జిల్లా విద్యాశాఖాధికారి, ప్రైవేటు బడుల ఆవరణలో యూనిఫాం, బూట్లు, బెల్టులు అమ్మవద్దని ఉత్తర్వు ఇచ్చారు. ఉత్తర్వులకు కొదవ లేదు. ఫిర్యాదు చేస్తే మన పిల్లని లోపల ఏమంటారోనన్న భయం తల్లిదండ్రుల్ని ఆపుతుంది. ఆ భయం ఉన్నంతకాలం ఉత్తర్వు కాగితంగానే ఉంటుంది.

శనివారం తెలుపు గురించి ఇంకో మాట చెప్పాలి. ఇది పత్రికల్లో తక్కువగా రాస్తారు, అమ్మలు తమలో తాము మాట్లాడుకుంటారు. ఏడో తరగతి దాటిన ఆడపిల్లకు నెలసరి రోజున తెల్ల పావడా, తెల్ల పంజాబీ డ్రెస్సు ఎంత నరకమో తెలుసుకోవడానికి పరిశోధన అక్కర్లేదు. మరక పడుతుందేమోనని బల్ల మీంచి లేవకపోవడం, బోర్డు దగ్గరికి పిలిస్తే వెళ్లకపోవడం, ఆ శనివారం కడుపునొప్పి అని ఇంట్లో ఉండిపోవడం. 2021 అక్టోబరులో ప్రభుత్వం ‘స్వేచ్ఛ’ పేరుతో బడుల్లో శానిటరీ నాప్కిన్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఒక చేత్తో నాప్కిన్ ఇచ్చి, ఇంకో చేత్తో తెల్ల గుడ్డ తప్పనిసరి చేస్తే ఆ పిల్ల ఏం చేయాలి? ఆడపిల్లలకు ముదురు రంగు కింద గుడ్డ, సైకిలు తొక్కడానికి వీలైన పాంటు లేదా చుడీదార్ ఇవ్వడానికి రూపాయి కూడా అదనంగా కాదు. కాలవగట్టు మీద ఐదారు కిలోమీటర్లు తొక్కుకుని వచ్చే పిల్లకు పావడా చెయిన్‌లో చిక్కుకునే భయం లేకపోవడం కూడా చదువులో భాగమే. కేరళలో బాలుశేరి ప్రభుత్వ బాలికల హయ్యర్ సెకండరీ స్కూలు 2021 డిసెంబరులో ఆడ, మగ తేడా లేకుండా అందరికీ పాంటు, చొక్కా పెడితే పెద్ద గొడవ జరిగింది. అంత దూరం అందరూ వెళ్లాలని నేననను. పిల్లల్నే అడిగి తేల్చుకోవాలంటాను.

ఎంతవరకు పనిచేస్తుంది

యూనిఫాం వల్ల క్రమశిక్షణ పెరుగుతుంది, మార్కులు పెరుగుతాయి అని బడి బ్రోషర్లలో రాస్తారు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం లాంగ్ బీచ్ పట్టణం 1994లో కింది తరగతుల పిల్లలకు యూనిఫాం తప్పనిసరి చేశాక, 1996లో అధ్యక్షుడు క్లింటన్ దాన్ని దేశమంతటికీ ఆదర్శంగా చూపారు. రెండేళ్ల తర్వాత బ్రన్స్మా, రాక్‌మోర్ అనే సమాజశాస్త్రవేత్తలు జాతీయ స్థాయి గణాంకాలు పరిశీలిస్తే హాజరు మీద గానీ నడవడి మీద గానీ చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు.

కెన్యాలో ఇంకో రకం ప్రయోగం జరిగింది. అక్కడ యూనిఫాం పెట్టడం గురించి కాకుండా, ఉచితంగా ఇస్తే ఏమవుతుందో చూశారు. తర్వాత నోబెల్ అందుకున్న మైఖేల్ క్రెమర్ కూడా అందులో ఉన్నారు. గుడ్డ అందిన పిల్లల గైర్హాజరు 44 శాతం తగ్గింది. అంతకు ముందు యూనిఫామే లేని పిల్లల్లో 62 శాతం తగ్గింది. ఎనిమిదేళ్ల తర్వాత వెళ్లి చూస్తే ఆ మేలు నిలవలేదు. నాకు ఈ రెండు ఫలితాలూ కలిపి చదివితేనే అర్థం తెలుస్తుంది. గుడ్డ పిల్లను బడి గుమ్మం దాకా తెస్తుంది. లోపల పాఠం చెప్పేవాళ్లు, మరుగుదొడ్డి, అన్నం లేకపోతే ఆ పిల్లను అక్కడ ఉంచలేదు. గుడ్డ పెట్టడం వేరు, ఇవ్వడం వేరు.

చేతి దారం చెప్పే కులం

యూనిఫాం కులాన్ని కప్పగలదా? తమిళనాడు నంగునేరిలో 2023 ఆగస్టులో పన్నెండో తరగతి దళిత విద్యార్థి మీద తోటి విద్యార్థులే ఇంటికొచ్చి కత్తితో దాడి చేశారు. అందరిదీ ఒకే యూనిఫాం. దానిపైన మణికట్టుకు కులానికో రంగు దారం కట్టుకునే అలవాటు అక్కడి బడుల్లో ఉంది. ఆ దాడి తర్వాత వేసిన జస్టిస్ చంద్రు కమిటీ 2024 జూన్‌లో ఇచ్చిన నివేదికలో ఆ రంగు దారాలను నిషేధించమంది.

అది తమిళనాడు సంగతి కదా అనుకోవడానికి మనకు వీల్లేదు. 2022 మే 24న అమలాపురంలో జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడం మీద రేగిన మంటల్లో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపారు. ఆ వేసవి అయ్యాక, జూలైలో బడులు తెరిచారు. ఆ మంటను టీవీలో, ఫోనులో, ఇంటి అరుగు మీద పెద్దల నోట చూసిన, విన్న పిల్లలే వచ్చి పక్కపక్కన కూర్చున్నారు. ఆ ఉదయం వాళ్ల ఒంటి మీది ఒకే రంగు గుడ్డ చేసిన పని నా దృష్టిలో చాలా పెద్దది. కానీ ఆ పని ఒక్క గుడ్డే చేయలేదు. వాళ్లను ఒకే గదిలో కూర్చోబెట్టిన బడి చేసింది. ఊరి పిల్లలంతా కాన్వెంటు బస్సెక్కి, పేట పిల్లలు మాత్రమే మిగిలిన ప్రభుత్వ బడిలో యూనిఫాం ఎవరిని ఎవరితో సమానం చేస్తుంది? 1964-66 నాటి కొఠారీ కమిషన్ అడిగిన కామన్ స్కూలు, ఇరుగుపొరుగు పిల్లలంతా ఒకే బడికి వెళ్లాలన్న మాట, అరవై ఏళ్లయినా అలాగే ఉంది. అది లేనప్పుడు ఎంత మంచి యూనిఫాం పథకమైనా సగం పనే.

కర్ణాటక నుంచి కూడా నేర్చుకోవాల్సింది ఉంది. ఉడుపిలో మొదలైన హిజాబ్ వివాదంలో 2022 మార్చి 15న హైకోర్టు, యూనిఫామే వేసుకోవాలన్న ప్రభుత్వ ఉత్తర్వును సమర్థించింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులూ చెరో తీర్పు ఇచ్చారు. ఆడపిల్ల చదువే తన మనసులో అన్నిటికన్నా ముందున్న ప్రశ్న అని జస్టిస్ ధూలియా రాశారు. ఆ ప్రశ్నను నేను మన బడి గేటు దగ్గరికి తీసుకొస్తాను. తలగుడ్డ, బొట్టు, దీక్ష మాల, చెప్పులు, మాసిన చొక్కా: వీటిలో ఏ కారణం మీద పిల్లను వెనక్కి పంపినా నష్టపోయేది ఆ పిల్ల చదువే.

నేసేవాళ్లు మన పక్కనే

అమలాపురం పక్కనే బండారులంక ఉంది. చేనేతకు పేరున్న ఊరు. ఒకప్పుడు ప్రభుత్వ బడుల గుడ్డ చేనేత సహకార సంస్థ ఆప్కో ద్వారా వచ్చేది. తర్వాత లక్షల మీటర్ల టెండర్లు పెద్ద మిల్లుల దారి పట్టాయి. కేరళ 2017లో చేనేత యూనిఫాం పథకం మొదలుపెట్టి, కింది తరగతుల పిల్లలకు సొంత రాష్ట్రపు మగ్గాల గుడ్డ ఇస్తోంది. ఏడాది పొడవునా నేసేవాళ్లకు పని దొరుకుతుందని లెక్క. కోనసీమ జిల్లా పిల్లలందరికీ బండారులంక ఒక్కటే గుడ్డ నేయలేదు, నిజమే. ఒకటి రెండు తరగతులకు ఒక జత అయినా నేయగలదేమో ప్రభుత్వం కూర్చుని లెక్క వేయాలి. ఈ ఉక్కపోతలో పాలిస్టర్ కలిసిన గుడ్డ కన్నా నూలు గుడ్డ చిన్న పిల్లల ఒంటికి మంచిదని ఏ అమ్మను అడిగినా చెబుతుంది.

మార్చిలో మొదలుపెట్టాల్సిన పని

విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. యూనిఫాం లేదని ఎండలో నిలబెట్టడం, తరగతి ముందు లేపి అడగడం, ఇంటికి పంపడం ఆ కిందికే వస్తాయని నా అభిప్రాయం. జిల్లా విద్యాశాఖ ఈ ఒక్క వాక్యం అన్ని బడుల గోడల మీద, కాన్వెంటు గోడల మీద కూడా, రాయించాలి: గుడ్డ కారణంగా ఏ పిల్లనూ పాఠానికి దూరం చేయకూడదు. గుడ్డ లేకపోతే అడగాల్సింది పిల్లను కాదు. ఎందుకు అందలేదో హెడ్మాస్టరు పై ఆఫీసును అడగాలి. కాన్వెంటు అయితే యాజమాన్యం తల్లిదండ్రులను ఫోనులో మర్యాదగా అడగొచ్చు.

ప్రైవేటు బడులకు యూనిఫాం ఒకటే ఉండాలి, శనివారానికి వేరే అక్కర్లేదు. రంగు ఐదేళ్ల దాకా మార్చకూడదు. ఏ బట్టల కొట్లోనైనా దొరికే గుడ్డే ఉండాలి, చిహ్నం విడిగా కుట్టించుకునేలా ఇవ్వాలి. ప్రభుత్వ బడుల్లో కుట్టుకూలి నిజమైన టైలరు ధరకు దగ్గరగా ఉండాలి. లేదా ఆ పని మండలంలోని మహిళా సంఘాలకే ఇచ్చి, కుట్టిన గుడ్డే పిల్లకు అందించాలి. కొలతలు ఏప్రిల్‌లో బడి మూసేలోగా తీసుకుంటే జూన్‌లో తెరిచే రోజుకు అందుతాయి.

చట్టంలోని 21వ సెక్షన్ ప్రభుత్వ బడుల కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలంటోంది. 2024 డిసెంబరు 7న, 2025 జూలై 10న రాష్ట్రమంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగులు జరిగాయి. అమ్మలు పెద్ద సంఖ్యలో వచ్చారు, ముగ్గులు వేశారు, పిల్లలతో కూర్చుని భోంచేశారు. అలాంటి సమావేశంలో కుట్టుకూలి గురించీ ఆడపిల్లల గుడ్డ రంగు గురించీ ఒక అమ్మ లేచి అడిగితే, ఆ మాట మినిట్సు పుస్తకంలో ఎక్కాలి. ప్రభుత్వ సాయం లేని ప్రైవేటు బడులకు ఆ సెక్షన్ వర్తించదు కాబట్టి అక్కడ తల్లిదండ్రులు పదిమంది కలిసి సంతకాలతో వెళ్లాలి. ఒక్కరు వెళితే పిల్ల పేరు తెలుస్తుంది, పదిమంది వెళితే బడి ఆలోచించుకుంటుంది. ఈ పని మార్చిలోనే మొదలవ్వాలి. జూన్‌లో అడిగితే అప్పటికే గుడ్డ కొట్లోకి వచ్చేసి ఉంటుంది, రసీదులు చింపేసి ఉంటారు.